58కా, 60కా? పీఎఫ్ పింఛను నుంచి కువైట్ డబ్బు దాకా ఎవరికి ఏది నప్పుతుంది

చీమకుర్తి క్వారీలో డ్రిల్లింగ్ చేసే మనిషికి, నెల్లూరు ట్రంకురోడ్డు మీద బట్టల షాపులో నిలబడే ఆవిడకి, ఒంగోలులో పొగాకు గ్రేడింగ్‌కి పోయే కూలీకి పింఛను సంగతి ఎత్తితే ముందుగా వచ్చే అనుమానం వయసు గురించే. ఒకరు 58 అంటారు, ఒకరు 60 అంటారు, ఇంకొకరు 62 అంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే, కానీ ముగ్గురూ వేరువేరు పింఛన్ల గురించి చెబుతున్నారు.

62 అనేది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులది. 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 60 నుంచి 62కి పెంచారు. ప్రైవేటు ఫ్యాక్టరీలో, షోరూంలో, కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకి దానితో సంబంధం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 60. పీఎఫ్ కట్ అయ్యేవాళ్లకి వచ్చే పింఛను, అంటే 1995 నవంబరు 16న మొదలైన ఈపీఎస్, 58కి మొదలవుతుంది. మీ కంపెనీ మిమ్మల్ని 60 దాకా పనిలో ఉంచినా, మీరు కోరి జరిపించుకుంటే తప్ప, పింఛను లెక్కలో వయసు 58 దగ్గరే ఆగుతుంది. అటల్ పెన్షన్ యోజన, శ్రమయోగి మాన్‌ధన్, రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను, ఈ మూడూ 60కి.

ఇక పార్లమెంటు మాట. ఈపీఎస్ కనీస పింఛను 2014 సెప్టెంబరు 1 నుంచి నెలకి రూ.1,000. దాన్ని రూ.7,500 చేసి కరవు భత్యం కలపాలని పింఛనుదారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, సభ్యులు రెండు సభల్లోనూ ప్రశ్నలు వేస్తున్నారు. యజమాని కట్టే 8.33 శాతం, కేంద్రం కలిపే 1.16 శాతం తప్ప ఈ నిధికి వేరే రాబడి లేదని, లెక్క కట్టి చూస్తే నిధిలో లోటు ఉందని, వెయ్యి రూపాయల కనీసం కూడా బడ్జెట్ సాయంతోనే ఇస్తున్నామని ప్రభుత్వం జవాబు చెబుతోంది. పేద ముసలివాళ్లకి కేంద్రం తన వాటాగా ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ల వరకు రూ.200, 80 దాటాక రూ.500. ఇవి పెరగాలి, అడగాల్సిందే. వెయ్యి రూపాయలతో ఒక మనిషి నెల గడవదు. అయితే ఆ పెంపు వస్తుందని నమ్ముకుని ఈరోజు ఫారం నింపకుండా కూర్చుంటే నష్టపోయేది మీరే. ఇప్పుడున్న నియమాల మీద లెక్క వేసుకోండి. రేపు పెరిగితే అది అదనం.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలంటే, "నేను పోయిన మరుసటి నెల నుంచి నా భార్య చేతికి, లేదా నా భర్త చేతికి ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న దగ్గర. నాకెంత వస్తుందని చూసేవాళ్లే ఎక్కువ. మన ఇళ్లల్లో భార్యలు వయసులో చిన్న, భర్త పోయాక పదేళ్లో ఇరవయ్యేళ్లో బతకాల్సింది వాళ్లే. కింద చెప్పే ప్రతి పథకాన్నీ ఆ కొలతతోనే చూశాం.

పీఎఫ్ పింఛను: ముందు పాస్‌బుక్ తెరవండి

జీతం రూ.15,000 ఉన్నవాళ్ల పాస్‌బుక్‌లో ఒక నెల వరస ఇలా ఉంటుంది: ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా 550, చివరి గడిలో పింఛను 1,250. జీతం రూ.12,000 అయితే 1,440, 440, 1,000. చూడాల్సింది ఆ చివరి గడి. జీతం ఎంత ఎక్కువైనా మామూలుగా అందులో 1,250 దాటదు, ఎందుకంటే 2014 సెప్టెంబరు నుంచి పింఛను లెక్కకి జీతం పరిమితి రూ.15,000.

ఆ గడిలో సున్నా ఉంటే మీకు పింఛను ఖాతానే లేదన్నమాట. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరిన రోజే జీతం రూ.15,000 దాటి ఉంటే నియమం ప్రకారం అది సరైనదే, మొత్తం పీఎఫ్‌కే పోతుంది. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంటుంది. అర్హత లేకపోయినా కంపెనీ అకౌంటెంట్ ఏళ్ల తరబడి పింఛను గడిలో కట్టుకుంటూ పోతాడు, చివర్లో క్లెయిం పెట్టినప్పుడు ఆఫీసు తిప్పి పంపిస్తుంది. 58కి ముందే చూసుకుంటే ఆ డబ్బు పీఎఫ్‌లోకి మార్పించుకోవడానికి యజమాని ఇంకా అందుబాటులో ఉంటాడు.

లెక్క సూత్రం చిన్నది: చివరి 60 నెలల సగటు జీతాన్ని (15,000 మించకుండా) సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 16 ఏళ్ల సర్వీసు ఉంటే 15,000 × 16 ÷ 70, అంటే రూ.3,429. సర్వీసు 20 ఏళ్లు నిండి 58కి దిగితే రెండేళ్లు ఉచితంగా కలుపుతారు. 2014 సెప్టెంబరుకి ముందు చేసిన సర్వీసుకి మాత్రం పాత పరిమితి 6,500 మీద విడిగా కడతారు. అందుకే పాత ఉద్యోగులకి ఈ సూత్రంతో వేసుకున్న అంకెకంటే తక్కువ వస్తుంది, అది పొరపాటు కాదు.

క్వారీల్లో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో సర్వీసు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. కాంట్రాక్టరు కొన్ని నెలల్లో పది రోజులే పని చూపించి మిగతా రోజులు ఎన్‌సీపీ కింద, అంటే జీతం లేని రోజుల కింద వేస్తే, ఆ రోజులు పింఛను సర్వీసులోంచి పోతాయి. మీరు చేసింది పన్నెండేళ్లు, కాగితం మీద నిలిచేది తొమ్మిది.

తొమ్మిదేళ్ల దగ్గర ఆగినవాళ్లు: డబ్బు తీసుకోవాలా, సర్టిఫికెట్టా?

మన వైపు ఎక్కువగా జరిగే నష్టం ఇక్కడే. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కని ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి 9 ఏళ్ల 6 నెలలు ఉన్నా పదిగానే చూస్తారు. అంతకంటే తక్కువ ఉంటే రెండు దారులు: ఫారం 10సీ పెట్టి డబ్బు తీసేసుకోవడం, లేదా అదే ఫారంతో స్కీం సర్టిఫికెట్ తీసుకుని తర్వాతి ఉద్యోగంలో సర్వీసు కలుపుకోవడం.

9 ఏళ్ల 2 నెలలు ఉన్న మనిషి డబ్బు తీసుకుంటే రూ.15,000 జీతం మీద దాదాపు లక్షా నలభై వేలు చేతికొస్తుంది. సర్టిఫికెట్ ఉంచుకుని ఇంకో నాలుగు నెలలు ఎక్కడైనా పీఎఫ్ ఉన్న పనిలో చేరితే 58 నుంచి నెలకి రూ.2,143. లక్షా నలభై వేలు అరవై అయిదు నెలల్లో తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత బతికినంత కాలం వచ్చేది లాభమే. పోయాక భార్యకి అందులో సగం, కనీసం వెయ్యి. 25 ఏళ్లలోపు పిల్లలు ఉంటే ఇద్దరి వరకు ఒక్కొక్కరికి భార్య పింఛనులో పావు వంతు. డబ్బు తీసుకున్నవాడి భార్యకి ఇవేవీ ఉండవు. ఉద్యోగం మారిన ప్రతిసారీ 10సీ పెట్టి మూడు నాలుగేళ్ల సర్వీసుని తుడిచేసుకుంటూ పోయినవాళ్లు, మొత్తం మీద ఇరవయ్యేళ్లు పనిచేసి కూడా పింఛను లేకుండా మిగులుతున్నారు. పెళ్లికో ఆస్పత్రికో డబ్బు అవసరమైతే పీఎఫ్ వాటాలోంచి అడ్వాన్సు తీసుకోండి, పింఛను వాటాని ముట్టుకోవద్దు.

50కే తీసుకోవాలా, 58 దాకా ఆగాలా, 60కి జరపాలా?

పదేళ్లు నిండినవాళ్లు పని మానేశాక 50 నుంచి ఎప్పుడైనా తగ్గింపు పింఛను అడగొచ్చు. 58కి ఎన్నేళ్లు ముందైతే అన్ని 4 శాతాలు కోత. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెంపు.

16 ఏళ్ల సర్వీసు, రూ.3,429 పింఛను ఉన్న మనిషినే తీసుకుందాం. 54కి పని పోయింది. అప్పుడే అడిగితే సుమారు రూ.2,900 వస్తుంది. 58 వచ్చేసరికి చేతికి లక్షా ముప్పై తొమ్మిది వేల దాకా అందుతుంది. ఆగి 58కి తీసుకుంటే నెలకి అయిదువందల పైచిలుకు ఎక్కువ. ఆ ఎక్కువ లక్షా ముప్పై తొమ్మిది వేలని పూడ్చాలంటే మనిషి 80 ఏళ్ల దగ్గరికి రావాలి. కాబట్టి "ముందు తీసుకుంటే మునిగిపోతావు" అనే మాట లెక్కకి నిలవదు. ఇంటి దగ్గర ఖాళీగా ఉండి, చెయ్యి చాచే పరిస్థితి ఉంటే తీసుకోవడమే మేలు.

రెండు సందర్భాల్లో మాత్రం ఆగండి. మళ్లీ పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికే అవకాశం ఉంటే ముందస్తు పింఛను వద్దు, ఒకసారి పింఛను మొదలైతే ఈపీఎస్ సభ్యత్వం ముగిసినట్టే, తర్వాత చేసే సర్వీసు దానికి కలవదు. భార్య మీకంటే ఎనిమిది పదేళ్లు చిన్నదైతే కూడా ఆలోచించండి. మీ పింఛను తగ్గితే ఆమె సగమూ తగ్గుతుంది: రూ.1,715 బదులు రూ.1,450 చొప్పున, ఆమె బతికినంత కాలం.

60కి జరపడం గురించి కంపెనీ హెచ్‌ఆర్‌లు ఎందుకో గొప్పగా చెబుతుంటారు. ఏమీ కట్టకుండా ఊరికే రెండేళ్లు ఆగితే వదులుకునేది రూ.82,000 పైన, పెరిగేది నెలకి రూ.275 చిల్లర. తిరిగొచ్చేసరికి 85 ఏళ్లు నిండుతాయి. వద్దు. అదే కంపెనీలో పనిచేస్తూ, పింఛను వాటా కడుతూ 60 దాకా ఆగితే లెక్క మారుతుంది: సర్వీసు 18 ఏళ్లు అవుతుంది, పెంపుతో కలిపి రూ.4,170 దాకా వస్తుంది. కానీ ఆ రెండేళ్లు పింఛను వాటాకి పోయే రూ.30,000, లేకపోతే మీ పీఎఫ్‌లోనే చేరేది. దాన్నీ కలుపుకుంటే తిరిగొచ్చేది 72, 73 ఏళ్ల దగ్గర. ఆరోగ్యం గట్టిగా ఉండి, జీతం నడుస్తూ, భార్య చిన్నదైతే ఇది నప్పుతుంది. బీపీ, షుగరు ఉండి మందుల ఖర్చు మొదలైనవాళ్లు 58కే పింఛను దరఖాస్తు, అంటే ఫారం 10డీ, పెట్టేయండి.

10డీ ఎందుకు తిరిగొస్తుంది

ఆధార్‌లో "వెంకటేశ్వర్లు", పీఎఫ్‌లో "వెంకటేశ్వర రావు" ఉంటుంది. పుట్టిన తేదీ స్కూలు సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో జులై 1. పాత కంపెనీ దిగిన తేదీ వెయ్యకుండా మూసుకుపోయి ఉంటుంది. పది తిరస్కరణల్లో ఎక్కువ ఈ మూడింట్లోనే పడతాయి. 55 దాటగానే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే ఒకే నంబరు) పోర్టల్‌లోకి పోయి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి, తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్, అంటే సవరణ దరఖాస్తు, పెట్టండి. చివరి వాటా పడ్డ రెండు నెలల తర్వాత దిగిన తేదీని ఉద్యోగే నమోదు చేసుకోవచ్చు. సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీలన్నీ ఒకే యూఏఎన్ కిందకి వచ్చాయో లేదో చూడండి. ఈ-నామినేషన్‌లో భార్యాపిల్లల పేర్లు ఎక్కించండి. ఎక్కించకపోతే మీరు పోయాక ఆమె కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పట్టుకుని తిరగాల్సి వస్తుంది. 10డీకి భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో కావాలి, అది చాలామంది చివరి నిమిషంలో వెతుక్కుంటారు.

2025 జనవరి నుంచి ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా పింఛను పడుతుంది, ఊరు మారినా ఖాతా మార్చుకోనక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులోనే ఇవ్వాలన్న నియమం ఈపీఎస్‌కి లేదు, ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. గ్రానైట్ పాలిషింగ్‌లో, పొగాకు మట్టల దగ్గర చేసిన చేతులకి వేలిగీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. అరగంటసేపు వేలు మార్చి మార్చి పెట్టించి, చివరికి రేపు రమ్మంటారు. ఆ ముసలాయన్ని మళ్లీ తిప్పకండి. జీవన్ ప్రమాణ్ అనే లైఫ్ సర్టిఫికెట్ యాప్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది, ఇంట్లో మంచి వెలుతురు ఉన్నచోట మనవడి ఫోనులోనే అయిపోతుంది.

పీఎఫ్ లేనివాళ్లకి: అటల్ పెన్షనా, మాన్‌ధనా?

రెండింటికీ చేరే వయసు 18 నుంచి 40. రెండూ 60కి మొదలవుతాయి. తేడాలు అసలు సంగతి.

మాన్‌ధన్ నెలకి రూ.15,000 లోపు సంపాదించే అసంఘటిత కార్మికులకి. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటే కుదరదు. ఇచ్చేది రూ.3,000 ఒక్కటే, పెంచుకోవడానికి లేదు. మీరెంత కడితే కేంద్రం అంత కడుతుంది: 18 ఏళ్లకి చేరితే నెలకి రూ.55, 29కి రూ.100, 40కి రూ.200. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌తో చేరొచ్చు. అటల్‌ని బ్యాంకులో, పోస్టాఫీసులో చేస్తారు. వెయ్యి నుంచి అయిదువేల దాకా మీరు ఎంచుకోవచ్చు. అయిదువేలకి 18 ఏళ్ల వయసులో నెలకి రూ.210, 25కి రూ.376, 30కి రూ.577, 35కి రూ.902, 40కి రూ.1,454. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు 2022 అక్టోబరు నుంచి అటల్‌లో చేరకూడదు.

ఒకే వయసు, ఒకే పింఛను పెట్టి చూద్దాం: 30 ఏళ్లు, రూ.3,000. మాన్‌ధన్‌కి నెలకి రూ.105, అటల్‌కి రూ.347. మూడో వంతు కంటే తక్కువకే మాన్‌ధన్ దొరుకుతోంది కదా అని అక్కడే ఆగిపోతారు. మన కొలతతో చూడండి. మీరు పోయాక మాన్‌ధన్‌లో భార్యకి సగం, రూ.1,500. ఆమె కూడా పోతే అంతే, పిల్లలకి ఏమీ రాదు. అటల్‌లో భార్యకి పూర్తి రూ.3,000, ఆమె తర్వాత నామినీకి రూ.5.1 లక్షలు. అయిదువేల పింఛను అయితే ఆ మొత్తం రూ.8.5 లక్షలు.

మూడో దారి కూడా ఉంది: మాన్‌ధన్‌లో చేరి, మిగిలిన రూ.242 ప్రతినెలా వేరేగా దాచడం. 7 శాతం వడ్డీతో ముప్పై ఏళ్లకి అది రూ.2.95 లక్షల దాకా అవుతుంది, దాని మీద నెలకి రూ.1,700 పైన వడ్డీ. అప్పుడు మీరున్నన్నాళ్లూ రూ.4,700, మీ తర్వాత ఆమెకి రూ.3,200. నెలనెలా వచ్చేదాంట్లో, కాగితం మీద, ఇది అటల్‌ని దాటిపోతుంది. కానీ ముప్పై ఏళ్లలో ఆ డబ్బుని ఒక్కసారి కూడా కదపకూడదు. ఆడబిడ్డ పెళ్లి, బోరు ఎండిపోవడం, తుపానుకి చెరువు కట్ట తెగడం, ఇవన్నీ ఆ డబ్బు వైపే చూస్తాయి. బ్యాంకు దానంతట అదే కత్తిరించి, మధ్యలో కొంచెం కొంచెంగా తియ్యనివ్వకుండా పట్టి ఉంచేది కావాలనుకుంటే అటల్. నెలకి మూడువందలు కూడా కష్టమైనవాళ్లకి మాన్‌ధన్ మంచిది, ఏమీ లేకపోవడం కంటే చాలా మంచిది.

రెండెకరాల, మూడెకరాల రైతులకి ఇదే కొలతలతో కిసాన్ మాన్‌ధన్ ఉంది: అయిదెకరాల లోపు, అవే రూ.55 నుంచి రూ.200, అదే రూ.3,000. భార్యాభర్తలు విడివిడిగా చేరొచ్చు, అప్పుడు ఇద్దరికీ ఎవరి పింఛను వారికి పూర్తిగా వస్తుంది. పీఎం కిసాన్ డబ్బులోంచే వాటా కత్తిరించేలా రాయించుకోవచ్చు.

అటల్‌లో తప్పు జరిగేది బ్యాంకు నిల్వ దగ్గర. పొగాకు కూలీకి, వరి కోతల కూలీకి సీజన్‌లో డబ్బు ఉంటుంది, ఆషాఢంలో ఉండదు. నెలవారీ కత్తిరింపు పెట్టుకుంటే ఖాతా ఖాళీగా ఉన్న నెలల్లో నూటికి రూపాయి చొప్పున జరిమానా పేరుకుంటుంది. మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కట్టే పద్ధతి ఉంది, పంట డబ్బు చేతికొచ్చే నెలకి దాన్ని కుదుర్చుకోండి. 60కి ముందే మానేస్తే కట్టినదీ దాని మీద వచ్చినదీ, ఖర్చులు పోను, అంతే ఇస్తారు.

ధరల సంగతి దాచకుండా చెప్పాలి. ఈ పింఛన్లు పెరగవు. ధరలు ఏడాదికి 5 శాతం పెరిగితే, ఇప్పుడు 30 ఏళ్లున్న మనిషి 60కి అందుకునే అయిదువేలు ఇవాళ్టి రూ.1,150తో సమానం. అందుకే వెయ్యి, రెండువేల స్లాబులు ఎంచుకోవద్దు. చేరితే అయిదువేలకే చేరండి.

"రాష్ట్రం నాలుగువేలు ఇస్తుంటే ఇవన్నీ ఎందుకు?"

ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులైలో రూ.4,000 చేతికి రావడం మొదలైంది. 2014 వరకు అది రూ.200, ఆ తర్వాత వెయ్యి, 2019 మొదట్లో రెండువేలు, 2024 జనవరికి మూడువేలు. మత్స్యకారులకి 50 ఏళ్లకే వస్తుంది. భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే అది భార్యకి మార్చే ఏర్పాటూ వచ్చింది. నిజంగా పేదింటికి ఇదే పెద్ద ఆధారం, అర్హత ఉంటే ఒక్క నెల కూడా వదులుకోకండి.

అయినా దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు అనడానికి కారణం, ఇది మీరు కట్టిన డబ్బు కాదు, ఇంటి మొత్తం పరిస్థితి చూసి ఇచ్చేది. పల్లెలో నెల ఆదాయం పదివేలు, పట్నంలో పన్నెండువేలు దాటకూడదు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగీ, ఆదాయపు పన్ను కట్టేవాళ్లూ ఉండకూడదు. కొడుక్కి ఉద్యోగం వచ్చి, కోడలితో కలిసి ఒకే కార్డులో ఉంటే, వాళ్లు మీకు అన్నం పెట్టినా పెట్టకపోయినా మీ పేరు పోతుంది. సొంతంగా కట్టుకున్న పింఛనుకి ఆ భయం లేదు.

ప్రభుత్వోద్యోగులకి ఒక్క మాట

బిట్రగుంట రైల్వే స్టాఫ్, తపాలా ఉద్యోగులు లాంటి కేంద్ర ఉద్యోగులకి ఎన్‌పీఎస్ (మీ పేరున నిధి పెరిగే జాతీయ పింఛను పథకం), యూపీఎస్ (ముందే ఖాయమైన పింఛను ఇచ్చే ఏకీకృత పథకం) మధ్య ఎంపిక. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఆ గడువు 2025 నవంబరులో ముగిసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసుకి చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, పదేళ్లకి కనీసం రూ.10,000, కరవు భత్యం ఉంటుంది. పోయాక భార్యకి 60 శాతం. రిటైరయ్యే రోజుకి చట్టబద్ధంగా భార్యగా ఉన్నవాళ్లకే. ఆమె తర్వాత పిల్లలకి నిధి మిగలదు. ఎన్‌పీఎస్‌లో నిధి మీది, పింఛను ఎంతో ముందే తెలియదు. కొత్తగా చేరేవాళ్లు 30 రోజుల్లో చెప్పాలి. యూపీఎస్ ఎంచుకున్నవాళ్లు రిటైర్మెంట్‌కి ఏడాది ముందు వరకు ఒక్కసారి ఎన్‌పీఎస్‌కి వెనక్కి రావచ్చు. ఆలస్యంగా ఉద్యోగంలో చేరి 25 ఏళ్లు నిండనివాళ్లకి పింఛను దామాషాలో తగ్గుతుంది, వాళ్లు రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

కువైట్, దుబాయి, సౌదీ వెళ్లినవాళ్లు

ఉదయగిరి, కనిగిరి మెట్ట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కి పోయే కుటుంబాలు తెలుసుకోవాల్సిన మొదటి మాట: అక్కడ మనవాళ్లకి నెలనెలా పింఛను లేదు. జర్మనీ, జపాన్ లాంటి దేశాలతో మన దేశానికి సామాజిక భద్రతా ఒప్పందాలు ఉన్నాయి, గల్ఫ్ దేశాలతో లేవు. వచ్చేది పని ముగిసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ ఒక్కటే.

అది మీ వీసాని బట్టి మారుతుంది. కువైట్‌లో షూన్ వీసా మీద కంపెనీలో చేస్తే మొదటి అయిదేళ్లకి ఏడాదికి 15 రోజుల జీతం, తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. రోజు జీతం అంటే నెల జీతంలో 26వ వంతు. 150 దినార్ల మీద పదేళ్లు చేస్తే సుమారు 1,180 దినార్లు. మీ అంతట మీరు మానేస్తే మూడేళ్ల లోపు ఏమీ రాదు, మూడు నుంచి అయిదేళ్లకి సగం, అయిదు నుంచి పదేళ్లకి మూడింట రెండు వంతులు. నాలుగేళ్ల పదకొండు నెలలకి రాజీనామా చేసి సగం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు, నెల ఆగితే మూడింట రెండు వంతులు వచ్చేది. ఖాదిం వీసా మీద ఇంటి పని చేసేవాళ్లకి 2015 చట్టం ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం రావాలి. ఇది తెలియక అడగకుండానే విమానం ఎక్కేసే ఆడవాళ్లే ఎక్కువ. టికెట్ చేతికిచ్చే ముందు "అన్నీ ముట్టాయి" అని అరబీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. డబ్బు ముట్టకుండా పెట్టవద్దు.

వెళ్లేముందు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉండాలి: రెండేళ్లకి రూ.275, మూడేళ్లకి రూ.375, ప్రమాదంలో చనిపోతే రూ.10 లక్షలు. పాలసీ కాపీ ఇంట్లో ఉంచండి, పెట్టెలో పెట్టుకుని అక్కడికి తీసుకుపోతే ఉపయోగం లేదు. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి. దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఆ మనిషికి బీమా, నమోదు రెండూ లేకుండా చేస్తున్నాడు. జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గరినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. రాయబార కార్యాలయాల్లో 2009లో ఏర్పాటైన సంక్షేమ నిధి ఉంది. చిక్కుకుపోయినవాళ్లకి వసతి, తిరుగు టికెట్, మృతదేహం పంపడం దాన్నుంచి చేస్తారు, కుటుంబం లిఖితంగా అడగాలి.

పింఛను విషయానికొస్తే, వెళ్లిన మనిషి పేరుకంటే ఊళ్లో ఉన్న భార్య పేరు మీద అటల్ పెట్టడం తేలిక. ఆమెకి 27, 28 ఏళ్లుంటే నెలకి అయిదువందల లోపే. ఆమె చేతికి ఆమె పేరునే అయిదువేలు, అతను ఉన్నా లేకపోయినా.

చేతికొచ్చిన మొత్తం డబ్బు ఎక్కడ పెట్టాలి

పీఎఫ్ మొత్తమో, గల్ఫ్ డబ్బో అయిదు లక్షలు ఉందనుకోండి. 2025లో ఉన్న రేట్ల ప్రకారం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీంలో 8.2 శాతం, మూడు నెలలకి రూ.10,250. 60 నిండాలి. ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు 55 దాటితే చాలు, కానీ డబ్బు అందిన మూడు నెలల్లోపు పెట్టాలి, యజమాని ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. నెలసరి ఆదాయ పథకంలో 7.4 శాతం, నెలకి రూ.3,083, వయసు నిబంధన లేదు. కువైట్ నుంచి 45 ఏళ్లకి తిరిగొచ్చిన మనిషికి ఇదే దారి. రెండింట్లోనూ ఖాతాని భార్యాభర్తల పేరు మీద జాయింటుగా తెరవండి, ఒకరు పోతే రెండోవారు ఆస్పత్రి ఖర్చుకి కోర్టు కాగితాల కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తే నెలకి పదివేలు వస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ప్రామిసరీ నోటుకి కాలపరిమితి మూడేళ్లు. ఆ లోపు తిరగరాయించుకోకపోయినా, తీసుకున్నవాడి చెరువులో ఒక పంటకి వైరస్ వచ్చినా, వడ్డీతోపాటు అసలూ పోతుంది. అరవై దాటిన మనిషికి ఆ డబ్బు మళ్లీ సంపాదించే వయసు ఉండదు. రిటైర్మెంట్ డబ్బులో ఒక్క రూపాయి కూడా నోటు మీద పెట్టవద్దు.

ఈ వారం చేయదగ్గ పని ఒకటుంది. యూఏఎన్ పాస్‌బుక్ తెరిచి చివరి గడి చూడండి, ఆ పక్కనే ఈ-నామినేషన్‌లో భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. పెళ్లికి ముందు చేరిన ఉద్యోగాల్లో అక్కడ ఇంకా అమ్మ పేరే ఉంటుంది.